పురుటికి బయలుదేరిన పీత

"గుడ్డు ఉన్నవి చూసి ఇవ్వమ్మా."

తిరుపతిలో ఆదివారం పొద్దున ఏ చేపల అంగడి ముందు నిలబడినా పది నిమిషాల్లో ఈ మాట నాలుగైదు సార్లు చెవిన పడుతుంది. నేనూ అన్నవాణ్నే. దాదాపు ఇరవై ఏళ్లు అన్నాను. ఐసు పెట్టె మీదికి వంగి, ఒక్కో పీతను వెల్లకిలా తిప్పించి, పొట్ట కింద నారింజ రంగు ముద్ద కనబడితే చాలు, అదృష్టం పండిందనుకుని తూకం వేయించాను. కిలో మీద యాభై ఎక్కువ చెప్పినా బేరమాడలేదు. రెండేళ్ల కిందట ఆ మాట అనడం మానేశాను. మీరూ మానేయాలని అడగడానికే ఇది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. ఇందులో మా అవ్వ ఉంది, పులికాట్ సరస్సు ఉంది, మా అమ్మాయి భూతద్దం ఉంది. ఏ ఒక్కటి వదిలేసినా నా మాటకు బలం ఉండదు.

ముందు పేరు సంగతి. కోస్తా వారు పీత అంటారు, మా చిత్తూరు వైపు ఎండ్రకాయ అంటాం. పొలం గట్టు బొరియలో ఉండేదీ ఎండ్రకాయే, సముద్రంలో ఈదేదీ ఎండ్రకాయే. సరిహద్దు దాటి తమిళం మాట్లాడే చుట్టాల ఇంటికి వెళితే నండు. కలగాపులగం కాకుండా పొలంలోదాన్ని ఎండ్రకాయ అని, సముద్రంలోదాన్ని నీలి పీత అని రాస్తాను.

నా చిన్నతనంలో నాకు తెలిసింది పొలంలోదే. చిత్తూరు దగ్గర, నీవా ఏటికి కొంచెం ఎడంగా మా ఊరు. చెరువు నిండిన ఏడు వరిమళ్ల గట్ల వెంట బొరియలు కనబడేవి. బొరియ నోటి దగ్గర తడి మన్ను ముద్దలుగా పడి ఉంటే లోపల ఎండ్రకాయ ఉన్నట్టే. మా అవ్వ మోచేతి దాకా చేయి పెట్టి లాగేది. గట్టుకు చిల్లు పెట్టి నీళ్లు పోగొట్టే జీవి కాబట్టి దాన్ని పడితే మడికీ మేలు, కూరకూ మేలు. మాకు జలుబు చేసి ముక్కు దిబ్బడ వేస్తే ఎండ్రకాయ చారు కాచేది. పెంకు తీసి కడిగిన ఎండ్రకాయలను కాళ్లతో సహా రోట్లో దంచి, నీళ్లు కలిపి, పలుచటి గుడ్డలో వడగట్టేది. అందులో మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి నూరి వేసి పొయ్యి మీద పెట్టేది. మొదట బురద నీళ్లలా ఉన్నది కాగేకొద్దీ తేటబడి, మాంసం విరిగిన పాలలా తరకలు కట్టి పైకి తేలేది. ఆ తరకల కోసం నేనూ మా అన్నా కొట్లాడుకునేవాళ్లం.

ఒకసారి, నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో ఉంటాయి, నేనే సొంతంగా ఒకదాన్ని పట్టి గొప్పగా తెచ్చి చూపించాను. అవ్వ దాన్ని తిప్పి చూసింది. పొట్ట కింది మడత ఉబ్బి ఉంది. దాన్ని వేలితో కొద్దిగా ఎత్తింది. లోపల పిల్లలు. మెంతి గింజంత ఎండ్రకాయలు, కాళ్లూ, కరిచిపట్టే డెక్కలూ అన్నీ ఉన్నవి, ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. "పిల్లల తల్లి. ఎక్కడ పట్టావో అక్కడే వదిలేసి రా" అంది. నేను మారాం చేశాను. అవ్వ ఇంకో మాట అనలేదు, నా చేయి పట్టుకుని గట్టు దాకా నడిపించుకుని వెళ్లింది. బొరియ దగ్గర పెట్టాక అది పక్కకు పక్కకు నడుచుకుంటూ లోపలికి దిగేదాకా అక్కడే నిలబడింది.

మంచినీటి ఎండ్రకాయల్లో సంతానం ఇలాగే ఉంటుంది. గుడ్డులోనే పూర్తిగా తయారై, తల్లి పొట్ట కిందే బయటపడి, కొన్నాళ్లు అక్కడే ఉండి, తర్వాత విడిపోతాయి. తిరుపతికి చదువుకు వచ్చాక ఇంకో సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగింది మా పొలం గట్టు ఎండ్రకాయ మీదే. శాస్త్రనామం ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ సెనెక్స్. దాని కళ్లు రెండు చిన్న కాడల మీద ఉంటాయి కదా, ఆ కాడల్లో ఊరే హార్మోన్లు అది పెంకు మార్చుకోవడాన్నీ, కడుపులో అండాలు పెరగడాన్నీ అదుపులో పెడతాయి. కాడలు తీసేస్తే ఆ అదుపు తప్పుతుంది. రోట్లో దంచి చారు కాచుకున్న జీవి గురించి మన ఊళ్లో కూర్చుని ఇంత లోతుగా తెలుసుకున్నవారు ఉన్నారని నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు మా గట్ల మీద బొరియలు లేవు. వరి పోయి మామిడి తోటలు వచ్చాయి. మిగిలిన మళ్లలో గుళికల మందు చల్లుతారు. చెరువు నిండే ఏళ్లే తక్కువ. అలా పొలం ఎండ్రకాయ మా పళ్లెంలోంచి వెళ్లిపోయింది, దాని చోట ఐసు పెట్టెలో సముద్రపు నీలి పీత వచ్చి కూర్చుంది. ఎండ్రకాయ వెళుతూ వెళుతూ అవ్వ మాటను కూడా తీసుకుపోయింది. నన్ను బాధపెట్టేది ఇదే. పిల్లల తల్లిని వదిలేయాలన్న కట్టుబాటు మనకు కొత్తగా ఎవరూ నేర్పాల్సింది కాదు. మటన్ కొట్లో చూలు మేకను కోశారని తెలిస్తే ఇవాళ్టికీ కొనడానికి వచ్చినవారు మొహం తిప్పుకుని వెళ్లిపోతారు. నీలి పీత దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూలాలినే ఏరి, ఎక్కువ డబ్బిచ్చి కొంటున్నాం.

తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది 2022 ఏప్రిల్ 4న. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట మన జిల్లాలోకి వచ్చాయి. వాటితో పాటు పులికాట్ సరస్సులో పెద్ద భాగం కూడా వచ్చింది. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట దీవి ఈ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా పడుకుని ఉంటుంది. అంతకు ముందు కూడా మనం తిన్న పీతలు చాలావరకు అటునుంచి వచ్చినవే. కానీ అది పక్క జిల్లా సరస్సు, మనం కొనుక్కునేవాళ్లం మాత్రమే అన్న ధోరణి ఉండేది. ఇప్పుడు ఆ సరస్సు మనది. ఫ్లెమింగోల పండుగకు పిల్లలను తీసుకెళ్లి ఫోటోలు దిగుతున్నాం. నీటి పైన నిలబడిన పక్షి మనదైతే నీటి కింద ఈదే పీత కూడా మనదే.

నీలి పీతను ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? మగదానికి నీలం మీద తెల్లటి మచ్చలు, పొడవాటి డెక్కలు. ఆడది అంత అందంగా ఉండదు, మట్టి కలిసిన పచ్చ రంగు. వెల్లకిలా తిప్పితే మగదాని పొట్ట మీది మడత సన్నగా, కోసుగా ఉంటుంది. ఆడదానిది వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. చివరి జత కాళ్లు తెడ్డుల్లా చదునుగా ఉంటాయి, ఈదేది వాటితోనే. చాలాకాలం అన్నింటినీ కలిపి పోర్ట్యూనస్ పెలాజికస్ అనే ఒకే జాతిగా లెక్కగట్టారు. 2010లో శాస్త్రవేత్తలు దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. మన బంగాళాఖాతం వైపు దొరికేదాన్ని పోర్ట్యూనస్ రెటిక్యులేటస్ అంటున్నారు. పేరు ఏదైనా దాని బతుకు తీరు ఒకటే, ఆ తీరు తెలిస్తే మన ఇళ్లలోని ఒక ఆచారం గుర్తొస్తుంది.

ఆడపీత సరస్సు వంటి లోతు తక్కువ నీళ్లలో పెరుగుతుంది. పెంకు వదిలి ఒళ్లు మెత్తబడి ఉన్న రోజుల్లో మగది దాన్ని తన కింద పొదివి పట్టుకుని కాపలా కాస్తుంది, జతకట్టేదీ అప్పుడే. ఆ తర్వాత ఆడపీత అండాలను బయటికి తెచ్చి, పొట్ట మడత కింది సన్నటి వెంట్రుకలకు అతికించుకుని మోస్తుంది. ఒక్కో తల్లి దగ్గర కొన్ని లక్షల గుడ్లు, పెద్దదైతే పది లక్షలు దాటి ఉంటాయి. వాటిని మోసుకుంటూ ఉప్పు ఎక్కువగా ఉండే సముద్రం వైపు బయలుదేరుతుంది. పిల్లలు పుట్టాల్సింది అక్కడే. కంటికి ఆనని పురుగుల్లా పుట్టి, అలల మీద తేలుతూ, రూపం మార్చుకుంటూ పెరిగి, చివరికి పోటు నీళ్లతో సరస్సులోకి వచ్చి చేరతాయి. మన ఆడపిల్ల పురుటికి పుట్టింటికి వెళ్లి బిడ్డను ఎత్తుకుని రావడం లాంటిదే ఇది. ఇక్కడ తల్లి ఒక్కతే వెళుతుంది, బిడ్డలు ఎవరికి వారు దారి వెతుక్కుని వస్తారు. అన్ని లక్షల్లో పెద్దవై తిరిగి చేరేవి బహు కొద్ది. ప్రకృతి అన్ని లక్షలు పెట్టింది కూడా అందుకే.

ఇవన్నీ నాకు రెండేళ్ల కిందటి దాకా తెలియవు. కార్తీకం వెళ్లిన మొదటి ఆదివారం, అంగడి కిటకిటలాడుతోంది. నేను ఎప్పుడూ కొనే పెద్దామె దగ్గర నారింజ గుడ్డువి అయిపోయి నల్లగుడ్డువి రెండు మిగిలాయి. "ఇవి ఎవరూ అడగరు నాయనా, ఊరికే తీసుకుపో" అని సంచిలో వేసింది. ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి దగ్గర బడి కోసం కొన్న భూతద్దం ఉంది. ఆ నల్లటి ముద్ద మీద పెట్టి చూసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "నాన్నా, వీటికి కళ్లున్నాయి."

నేనూ చూశాను. గసగసాల కన్నా సన్నటి గింజలు, ద్రాక్షగుత్తిలా వెంట్రుకలకు వేలాడుతున్నాయి. ఒక్కో గింజలో రెండు నల్లటి చుక్కలు. గుడ్డు పెట్టిన కొత్తలో లోపల సొన నిండుగా ఉంటుంది కాబట్టి ముద్ద పసుపు, నారింజ రంగుల్లో కనబడుతుంది. పిల్ల ఆ సొన తింటూ పెరిగేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, కళ్లు ఏర్పడ్డాక నల్లబడుతుంది. అంటే ఎవరూ అడగరని ఊరికే ఇచ్చిన ఆ రెండూ ఒకటి రెండు రోజుల్లో పురుడు పోసుకోవాల్సినవి. మా అవ్వ వేలితో ఎత్తి చూపిన మడత నా కళ్ల ముందు మెదిలింది. ఆ రోజు ఇంట్లో పులుసు వండలేదు.

ఇప్పుడు రుచి గురించి నిజం మాట్లాడుకుందాం. పొట్ట కింద బయటికి కనబడే ఆ ముద్దకు రుచి లేదు. ఇసక నమిలినట్టు పంటి కింద పడుతుంది, ఉప్పునీళ్లు పీల్చుకుని ఉంటుంది, పులుసులో విడిపోయి అడుగున చేరుతుంది. మనం నిజంగా ఇష్టపడేది పెంకు లోపల ఉండే ఎర్రటి గుడ్డును. అది ఇంకా బయటికి రాని అండాశయం, ఉడికితే కోడిగుడ్డు పచ్చసొనలా గట్టిపడుతుంది. ఈ రెండింటికీ 'గుడ్డు' అన్న ఒకే మాట వాడటం వల్ల చాలామంది బయటి ముద్దను చూసి లోపల కూడా నిండుగా ఉంటుందని భ్రమపడతారు. ఉన్నదంతా బయటికి తెచ్చి పెట్టుకున్నాక లోపల మిగిలేది తక్కువ. ఆ ముద్ద బరువుకు కూడా పీత ధరే చెల్లిస్తున్నాం. లోపలి గుడ్డు ఉన్నదాన్ని కూడా వద్దనాలా అని మీరు అడగవచ్చు. వదిలితే మంచిదే, కానీ అది పైకి కనబడదు, వలలోంచి విప్పేవాడికి తెలియదు. కనబడని దాని మీద కట్టుబాటు నిలవదు. పొట్ట కింది ముద్ద ఎవరికైనా కనబడుతుంది, చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. అందుకే నేను అక్కడ గీత గీస్తున్నాను.

"ఐసులో చచ్చి పడి ఉన్నదాన్ని నువ్వు కొనకపోతే అది బతుకుతుందా?" అని నా స్నేహితులు అడిగారు. ఆ ఒక్కటి బతకదు. జవాబు కోసం నేను పులికాట్ ఒడ్డున ఉన్న భీములవారిపాలెం వెళ్లాను. తడలో ఉండే మా బావ తనకు తెలిసిన ఒకరి పడవలో ఎక్కించాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు చలిలో బయలుదేరాం. సరస్సు లోతు చాలాచోట్ల నడుము దాకా కూడా ఉండదు, గడతో నెడుతూ వెళ్లారు. వల ముందురోజు సాయంత్రమే వేసి ఉంది. సన్నటి నైలాను వల, అడుగున బరువులతో నేలను తాకి గోడలా నిలబడుతుంది. రాత్రి తిరిగే పీతలు అందులో కాళ్లు చిక్కుకుని, విడిపించుకోబోయి ఇంకా చుట్టుకుంటాయి. పడవలోకి లాగుతుంటే అన్నీ ప్రాణంతో ఉన్నాయి, బుసబుసమని నురగ కక్కుతూ డెక్కలు ఎత్తి బెదిరిస్తున్నాయి. ఆయన వెనక వైపు తెడ్డు కాళ్ల దగ్గర పట్టుకుని, మరో చేత్తో ఒక్కో పోగూ తప్పిస్తూ విప్పుతున్నాడు. అంత నేర్పుగా విప్పినా అక్కడక్కడ ఒక కాలు విరుగుతుంది.

గుడ్డుది ఒకటి వచ్చింది. గోధుమ రంగు ముద్ద. నేను అడిగాను, దీన్ని వదిలేస్తే మీకు కష్టమా అని. ఆయన నా వైపు కాసేపు చూశాడు. "కొనేవారు వద్దంటే నాకు ఎందుకండీ? నీళ్లలోనే వేస్తాను. ఎక్కువ డబ్బిచ్చి గుడ్డువే కావాలనేది మీ ఊరి వాళ్లే కదా" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఐసు పెట్టె దాకా వచ్చాక పీత చచ్చిపోయి ఉంటుంది, నిజమే. కానీ పడవలో అది బతికే ఉంది. వల దాన్ని చంపలేదు. నీళ్లలోకి వెళ్లాలా, బుట్టలోకి వెళ్లాలా అన్నది ఆ ఒక్క క్షణంలో తేలుతుంది, దాన్ని తేల్చేది తిరుపతి అంగడిలో నేను పలికే ధర.

"పేదవాడి పొట్ట కొడతావా?" అన్నది రెండో మాట, ఇది నిజంగా ఆలోచించాల్సినది. వదిలిన తల్లి గుడ్లను మోసేది పది పన్నెండు రోజులే. పిల్లలను వదిలాక అదే పీత, అదే మాంసంతో మళ్లీ వలలో పడవచ్చు. ఒకసారి జతకట్టి దాచుకున్న బీజంతో అది మరోసారి కూడా గుడ్లు పెట్టగలదు. అయినా ఆ రోజు కూలి ఆ రోజే కావాల్సిన మనిషికి ఈ లెక్క చెప్పి ఊరుకుంటే అన్యాయం. కాబట్టి మన జేబులోంచి కూడా కొంత కదలాలి. గుడ్డు కోసం ఇస్తున్న ఆ యాభై రూపాయలను మంచి మగపీతకు ఇవ్వండి. నేను అలాగే ఇస్తున్నాను. పెద్ద డెక్కల మగపీతలను ఎగుమతి ఏజెంట్లు ముందే ఏరుకుపోతారు, డబ్బాల్లోకి ఎక్కే పీత మాంసానికి విదేశాల్లో గిరాకీ ఎక్కువ. మడ అడవుల బురదలో పెరిగే మడ పీతలైతే తాళ్లతో డెక్కలు కట్టించుకుని ప్రాణంతోనే చెన్నై మీదుగా విమానమెక్కుతాయి. ఏరగా మిగిలినవే మన వైపు వస్తాయి. మనం ధర ఇస్తే మగవి ఇటు కూడా వస్తాయి.

చట్టం చూసుకుంటుందిలే అనేవారూ ఉన్నారు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. మంచి నియమం. కానీ ఈ వెచ్చటి నీళ్లలో నీలి పీత ఏడాది పొడవునా గుడ్లు పెడుతుంది. 61 రోజులు మిగిలిన మూడు వందల రోజుల తల్లులను కాపాడలేవు. వేరే దేశాలు చూలు పీత మీదే నేరుగా నియమం పెట్టాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఆడ నీలి పీతను పట్టడమే నిషిద్ధం. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో గుడ్లున్న పీతను పట్టి ఉంచుకోకూడదు. ఇండోనేషియా 2015లో 10 సెంటీమీటర్ల కన్నా తక్కువ వెడల్పు ఉన్నదాన్నీ, గుడ్లతో ఉన్నదాన్నీ పట్టవద్దంది. ఎక్కడైనా అధికారి ప్రతి పడవలోకీ తొంగి చూడలేడు. ఐసు పెట్టెలోకి తొంగి చూసేది మాత్రం మనమే, ప్రతి ఆదివారం.

ఇటలీలో నీలి పీతలు ఎక్కువై చంపుతున్నారని ఒక వీడియో నాకు ముగ్గురు పంపారు. నిజమే, 2023లో వాటిని పట్టి పారేయడానికి అక్కడి ప్రభుత్వం 29 లక్షల యూరోలు కేటాయించింది. కానీ అది అమెరికా తూర్పు తీరపు పీత, కాలినెక్టెస్ సాపిడస్, వేరే జాతి. దాని సొంత నీళ్లు కాని మధ్యధరా సముద్రంలోకి చేరి ఆల్చిప్పల సాగును నాశనం చేస్తోంది. పులికాట్‌లో మన పీత పరాయిది కాదు. ఇక్కడ దాన్ని తినే పక్షులు, చేపలు, మనుషులు అందరూ ఎప్పటినుంచో ఉన్నారు.

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం మా బావదే. తిరిగి వస్తూ శ్రీహరికోట రోడ్డు మీద బండి ఆపి చూపించాడు. రోడ్డుకు ఇరువైపులా సరస్సు. ఎండాకాలంలో వస్తే ఇక్కడ నీళ్లు ఉండవు, పగుళ్లిచ్చిన నేల మీద ఉప్పు పొర తెల్లగా మెరుస్తుంది. "సముద్రానికి దారే మూసుకుపోతుంటే నువ్వు గుడ్డు పీత గురించి మాట్లాడతావేమిటి?" అన్నాడు. రాయదొరువు దగ్గర సరస్సు నోరు ఇసకతో పూడిపోతూ ఉంటుంది. పోటు నీళ్లు లోపలికి రాకపోతే ఉప్పదనం తప్పుతుంది, పిల్లలు లోపలికి రాలేవు, తల్లులు బయటికి పోలేవు. చుట్టూ రొయ్యల చెరువుల మురికి ఉంది. ఈ పెద్ద గాయాల ముందు నా ఆదివారం కట్టుబాటు చిన్నదే, ఒప్పుకుంటాను. ఇసక తీయమని, నోరు తెరిచి ఉంచమని అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. కానీ దారి ఇరుకైనకొద్దీ ఆ దారిలో వెళ్లే ఒక్కో తల్లికీ విలువ పెరుగుతుంది. తలుపు సగం మూసుకుపోయిన ఇంట్లోంచి ప్రసవానికి బయలుదేరినదాన్ని గడప దగ్గర పట్టుకోవడం ఏ న్యాయం?

తిరుపతి వారికి తిండి నియమాలు కొత్త కాదు. తమిళ నెల పెరటాసి వచ్చిందంటే నెలంతా మాంసం ముట్టని ఇళ్లు ఎన్ని! కొందరు శనివారం, కొందరు సోమవారం, కొందరు కార్తీకమంతా. అంగళ్లవాళ్లు ఆ నెలల్లో ఐసు పెట్టె సగమే నింపుతారు. ఒక ఊరు మొత్తం ఒక పూట వద్దనుకుంటే అంగడి మారిపోతుందని మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నేను అడుగుతున్నది నెలంతా మానేయమని కాదు, ఆదివారం పీతలు తినవద్దనీ కాదు. పెట్టెలో ఒక రకాన్ని పక్కకు పెట్టమంటున్నాను, అంతే. బస్టాండు దగ్గర ఒక హోటల్లో గోడ మీద గుడ్డు పీత ఇగురు ప్రత్యేకమని రాసి పెట్టారు. లోపలికి వెళ్లి యజమానితో మాట్లాడాను. జనం అడుగుతారు సార్ అన్నాడు. వరసగా మూడు వారాలు వెళ్లి మగపీత పులుసు అడిగాను. ఇంకా పది మంది అడిగితే ఆయన మాట మారుస్తాడని నా నమ్మకం.

ఏరడం ఎలాగో కూడా చెప్పాలి, లేకపోతే నా మాట సగమే. నీలి పీత నీళ్లలోంచి తీసిన కొద్ది గంటల్లో చచ్చిపోతుంది, కాబట్టి ప్రాణంతో ఉన్నదే కావాలని పట్టుబట్టడం దండగ. తడిపి ఉంచితే రోజుల తరబడి బతికేది మడ పీత. నీలి పీతలో చూడాల్సింది ఐసు ఎంత త్వరగా తగిలిందన్నది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రపు వాసన రావాలి, ఘాటు వాసన వస్తే వద్దు. ఎత్తితే కాళ్లు ఊడిపోతుంటే వద్దు. పొట్ట వైపు పెంకును బొటనవేలితో నొక్కండి. లొత్తపడితే కొత్తగా పెంకు మార్చుకున్నది, లోపల నీళ్లే. గట్టిగా ఉండి, చూపుకు మించిన బరువు చేతికి తగిలితే కండ ఉన్నట్టు. మడత కోసుగా ఉన్నదాన్ని తీసుకోండి.

వండటం మా అమ్మ పద్ధతే చెబుతాను. మడత ఎత్తి, పెంకు విడదీసి, రెండు వైపులా ఈకల్లా ఉండే బూడిద రంగు పీచు తీసేయాలి, అవి దాని మొప్పలు. మధ్యలోంచి రెండు ముక్కలు చేయాలి. డెక్కలను రోకలితో ఒక్క దెబ్బ వేసి చిట్లించాలి. సన్నటి చివరి కాళ్లను పారేయకుండా దంచి, కొంచెం నీళ్లతో పిండి రసం తీసి పక్కన పెట్టుకోవాలి, అవ్వ చారు కాచినట్టే. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కొద్దిగా సోంపు వేయించి, పచ్చి కొబ్బరితో నూరాలి. నూనెలో చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, కరివేపాకు వేగాక టమోటా, కారం, పసుపు, నూరిన ముద్ద వేసి నూనె తేలేదాకా వేయించి, చింతపండు పులుసూ కాళ్ల రసమూ పోయాలి. తెర్లుతున్నప్పుడు మాత్రమే పీత ముక్కలు వేయాలి. వేసిన రెండు నిమిషాల్లో నీలం పోయి ఎరుపు వస్తుంది. ఆ ఎరుపు పెంకులో మొదటినుంచీ ఉన్నదే. ఒక ప్రొటీను దాన్ని పట్టి ఉంచి నీలంగా కనబడేట్టు చేస్తుంది, వేడికి ఆ పట్టు వదులుతుంది. పావుగంట దాటనివ్వకండి, కండ పీచుబడుతుంది. వేడి వేడి రాగి సంకటి మధ్యలో గుంట చేసి ఆ పులుసు పోసుకుంటే గుడ్డు లేని లోటు మీ నాలుకకు తెలిస్తే నన్ను అడగండి.

నిన్న ఆదివారం పెద్దామె దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే పెట్టె అడుగునుంచి నాలుగు మగపీతలు తీసి పైన పెట్టింది. నాకోసం పక్కన ఉంచానని చెప్పింది. గుడ్డువి ఈ వారం తక్కువ తెచ్చిందట. "నువ్వూ ఇంకో ఇద్దరు ముగ్గురూ వద్దంటున్నారు నాయనా. మిగతావాళ్లు అడుగుతూనే ఉన్నారు" అని, తూకం రాళ్లు పెడుతూ, నా వెనక నిలబడినాయన వైపు చూసింది. ఆయన పెట్టె మీదికి వంగి, "గుడ్డువి ఉన్నాయా అమ్మా?" అన్నాడు. నేను సంచి కింద పెట్టి, నా పీతలను వెల్లకిలా తిప్పి ఆయనకు చూపించడం మొదలుపెట్టాను.